మిషన్ ఆగిందని మిషన్ చెబుతుంది, ఎందుకో కూడా అదే చెప్పాలా?

ప్రొడక్షన్ మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ డెమోల్లో ఈ మధ్య ఒక మాట తప్పకుండా వినిపిస్తోంది. "ఆపరేటర్ ఏమీ నొక్కక్కర్లేదు సార్, ప్రతి స్టాపేజీకీ కారణం మా సిస్టమ్ దానంతట అదే రాసుకుంటుంది." వెంటనే తెర మీద రంగురంగుల పారెటో చార్టు వస్తుంది, కారణాలను పెద్దది మొదలుకుని కడ్డీలుగా పేర్చిన పటం. అందులో ‘కారణం తెలియదు’ అనే కడ్డీయే ఉండదు. చూస్తున్న మేనేజర్ల మనసు అక్కడే కరిగిపోతుంది. పాపం, రోజూ పొద్దున మీటింగులో "రాత్రి 40 నిమిషాలు ఎందుకు ఆగింది?" అని అడిగి, నలుగురి దగ్గర నాలుగు జవాబులు విని విసిగిపోయినవాళ్లే కదా.

ఆ చార్టును నేను నమ్మను. మిషన్ ఎప్పుడు ఆగింది, ఎంతసేపు ఆగింది, ఏ స్టేషన్ దగ్గర ఆగింది అన్న మూడు సంగతులూ మిషనే చెప్పాలి. వాటిని మనిషి చేత పుస్తకంలో రాయించడం దండగ. ఎందుకు ఆగింది అన్న నాలుగోదాన్ని కూడా మిషన్ నోటే పలికించాలని పట్టుబడితే మాత్రం అది అబద్ధం చెబుతుంది. అదీ సెకన్లతో సహా లెక్కగట్టి చెబుతుంది, అందుకే నమ్మబుద్ధేస్తుంది.

మాటల్లో చెబితే గాల్లో తేలిపోతుంది కాబట్టి ఒక లైన్ తీసుకుందాం. పాశమైలారం, జీడిమెట్ల, పోలేపల్లి, పరవాడ, ఏ ఫార్మా ప్యాకింగ్ హాల్లోకి వెళ్లినా కనిపించే బ్లిస్టర్ లైన్, మాత్రల పట్టీలు తయారయ్యే చోటు. పీవీసీ రోల్ విప్పుకుంటూ వస్తుంది, వేడెక్కి గుంటలు పడుతుంది, ఫీడర్ మాత్రలు నింపుతుంది. ఖాళీ గుంటను ఎన్‌ఎఫ్‌డీ (నాన్ ఫిల్ డిటెక్షన్) కెమెరా పట్టుకుంటుంది. పైన అల్యూమినియం ఫాయిల్ అతుకుతుంది, బ్యాచ్ నంబరు పడుతుంది, పంచ్ అయి బ్లిస్టర్లుగా రాలుతాయి. అక్కడి నుంచి బ్లిస్టర్లను అట్టపెట్టెల్లో పెట్టే కార్టనర్, లీఫ్‌లెట్, బరువు చూసే చెక్‌వేయర్, సీరియల్ నంబర్ల కెమెరా, షిప్పర్ బాక్సు. ఇందులో ఎక్కడ ఏది తడబడినా లైన్ దానంతట అదే ఆగుతుంది. ఒక షిఫ్టులో యాభై అరవై సార్లు ఆగే లైన్లు కొత్తేమీ కాదు.

అసలు ‘ఆగింది’ అంటే ఏమిటి

కారణాల జోలికి వెళ్లకముందే తప్పు ఇక్కడ మొదలవుతుంది. పాత మిషన్లకు మోటారు వైరు చుట్టూ కరెంటు క్లాంపు తగిలించి, కరెంటు పారితే నడుస్తున్నట్టు, పారకపోతే ఆగినట్టు లెక్కేస్తారు. చవకైన పద్ధతే. కానీ కన్వేయర్ ఖాళీగా తిరుగుతున్నా కరెంటు పారుతుంది. ఫీడర్‌లో మాత్రల్లేక ఆపరేటర్ డ్రమ్ము కోసం ఎదురుచూస్తుంటే ఈ సిస్టమ్ దృష్టిలో ప్రొడక్షన్ బ్రహ్మాండంగా నడుస్తున్నట్టే. ఇంకో రకం, పంచ్ స్టేషన్ పల్సులు లెక్కపెట్టడం. ఇది మెరుగు. దీని తంటా జాగ్‌తో వస్తుంది. ఇరుక్కున్న ఫాయిల్‌ను సరిచేయడానికి ఆపరేటర్ జాగ్ బటన్‌తో మిషన్‌ను రెండు మూడు ఇండెక్సులు (అడుగులు) ముందుకు జరుపుతాడు. ఆ పల్సులు రాగానే స్టాపేజీ ముగిసిందనుకుంటుంది సాఫ్ట్‌వేర్. అలా 8 నిమిషాల ఒక్క జామ్ నాలుగు చిన్న స్టాపేజీలుగా ముక్కలైపోతుంది. జాగ్ మోడ్ బిట్‌ను కూడా పీఎల్‌సీ (మిషన్‌ను నడిపించే కంట్రోలర్) నుంచి చదివి, ఆ మోడ్‌లో వచ్చిన పల్సులను పక్కన పెడితే ఈ గొడవ తీరుతుంది. లేదంటే వరసగా పది మంచి సైకిళ్లు వచ్చేదాకా ‘నడుస్తోంది’ అనకుండా ఆపాలి.

ఎంత తరచుగా చదువుతున్నాం అన్నది మరో సంగతి. 5 సెకన్లకోసారి పీఎల్‌సీని అడిగే సిస్టమ్‌కు 3 సెకన్ల స్టాపేజీ కనిపించవచ్చు, కనిపించకపోవచ్చు. అదృష్టం మీద ఉంటుంది.

నెట్‌వర్క్ సంగతి చెప్పనే అక్కర్లేదు. స్విచ్ ఆగిపోయి డేటా రాకపోతే చాలా సాఫ్ట్‌వేర్లు మిషన్ ఆగిందనే రాసుకుంటాయి. ‘ఆగింది’ వేరు, ‘సమాచారం లేదు’ వేరు. రెండోదానికి విడిగా ఒక స్థితి, విడిగా ఒక రంగు ఉండాలి. ఉందో లేదో కొనేముందే చూసుకోవచ్చు. డెమోలోనే నెట్‌వర్క్ వైరు పీకి రెండు నిమిషాలాగి పెట్టమనండి. తెర మీద ఏం పడుతుందో చూస్తే ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఎప్పుడైనా షాప్‌ఫ్లోర్ తొక్కారో లేదో తెలిసిపోతుంది.

గార్డ్ డోర్ మీద పడే నింద

ఇప్పుడు కారణం దగ్గరికి వద్దాం. మిషన్ ఆగిన క్షణంలో పీఎల్‌సీలో ఉన్న అలారాన్ని తీసుకుని దాన్నే కారణంగా రాయడం, ఆటోమేటిక్ వర్గీకరణ అంటే చాలా చోట్ల ఇంతే. వినడానికి న్యాయంగానే ఉంది. జరిగేది చూడండి.

ఫాయిల్ తెగుతుంది. వెంటనే టెన్షన్ పడిపోయిందని డ్యాన్సర్ రోలర్ (ఫాయిల్ బిగువును చూసే రోలర్) అలారం వస్తుంది. దాని వెనకే ఫాయిల్‌ను లాగే మోటారుది, సర్వో డ్రైవ్ ఫాల్ట్. ఆపరేటర్ పరిగెత్తుకొచ్చి గార్డ్ డోర్ తీస్తాడు, ‘గార్డ్ డోర్ ఓపెన్’ అలారం వస్తుంది. భద్రతకు సంబంధించింది కాబట్టి అలారం జాబితాలో దీనికి అన్నిటికన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చి ఉంటారు. సాఫ్ట్‌వేర్ చివరి అలారాన్ని తీసుకున్నా గార్డ్ డోరే, పెద్ద ప్రాధాన్యం ఉన్నదాన్ని తీసుకున్నా గార్డ్ డోరే. నెలాఖరుకు పారెటోలో మొదటి కడ్డీ గార్డ్ డోర్. మెయింటెనెన్స్‌వాళ్లు డోర్ స్విచ్ మారుస్తారు. వచ్చే నెల కూడా అదే కడ్డీ. అప్పుడు ఆపరేటర్లకు ‘అనవసరంగా డోర్లు తెరవొద్దు’ అని నోటీసు వస్తుంది. ఫాయిల్ మాత్రం తెగుతూనే ఉంటుంది.

దీనికి మందు పాతదే. బాయిలర్లు, టర్బైన్ల దగ్గర ఎప్పటినుంచో వాడుతున్న ఫస్ట్ అవుట్ లాచ్. ట్రిప్ అయినప్పుడు మొట్టమొదట లేచిన సిగ్నల్‌ను పట్టుకుని, రీసెట్ చేసేదాకా వదలకపోవడం. ఇది తప్పనిసరిగా పీఎల్‌సీ లోపలే జరగాలి. పీఎల్‌సీ స్కాన్ 10, 20 మిల్లీసెకన్లలో ఒక చుట్టు పూర్తవుతుంది. పై నుంచి సెకనుకోసారి చదివే సర్వర్‌కు డ్యాన్సర్, సర్వో అలారాలు రెండూ ఒకే గుప్పెట్లో వస్తాయి. ఏది ముందో చెప్పడం దాని తరం కాదు. సీల్ వేసిన పీఎల్‌సీ ప్రోగ్రామ్‌ను మిషన్ తయారీదారు ముట్టుకోనివ్వకపోతే, కనీసం అలారం బిట్ల మార్పులకు పీఎల్‌సీలోనే టైమ్‌స్టాంపు పడేలా చిన్న బఫర్ అడగాలి. అదీ కుదరకపోతే ఆ మిషన్‌కు ఆటోమేటిక్ కారణం అన్న మాటే ఎత్తకపోవడం మంచిది.

ఫస్ట్ అవుట్ పెట్టాక అంతా బాగుపడుతుందా? సగం బాగుపడుతుంది. అనుభవమున్న ఆపరేటర్ మిషన్‌కన్నా ముందే చూస్తాడు. ఫీడర్ దగ్గర విరిగిన మాత్ర అడ్డం పడి గుంటలు నిండకపోవడం గమనించి, ఎన్‌ఎఫ్‌డీ వరసగా రిజెక్టులు కొట్టి ఆపేలోపే తనే డోర్ తీసి బ్రష్‌తో దులిపేస్తాడు. ఈసారి ఫస్ట్ అవుట్ నిజంగానే గార్డ్ డోర్. యంత్రం ఒక్క అక్షరం తప్పు చెప్పలేదు. అయినా కారణం అది కాదు. మాత్రల్లో ముక్కలు ఎక్కువగా ఎందుకున్నాయి అన్నది కంప్రెషన్ దగ్గరో కోటింగ్ దగ్గరో ఉంటుంది. ప్యాకింగ్ హాల్ పీఎల్‌సీకి ఆ గదులే తెలియవు.

నేతలో దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. దాన్ని దాటేసి ముందుకెళ్తే అన్యాయమవుతుంది. దారం తెగగానే మగ్గం తనంతట తాను ఆగడం కొత్త విద్య కాదు. సాకిచి టొయోడా 1924లో తెచ్చిన జీ టైప్ ఆటోమేటిక్ మగ్గం దానికే పేరుపడింది. ఇవాళ్టి మగ్గాలు ఆగగానే పడుగు తెగిందా, పేక తెగిందా అని వేర్వేరు రంగుల దీపాలతో చెప్పేస్తాయి. లక్ష పేకలకు ఎన్ని పడుగు స్టాపులు, ఎన్ని పేక స్టాపులు అని మిల్లులు దశాబ్దాలుగా లెక్కలు కడుతూనే ఉన్నాయి. అక్కడ ఆటోమేటిక్ వర్గీకరణ బాగానే పనిచేసింది. ఎందుకంటే ప్రతి పడుగు పోగుకూ ఒక డ్రాప్ వైర్, అంటే సన్నటి రేకు, వేలాడుతుంది. తెగిన పోగుదే కింద పడుతుంది, మిషన్ ఆగుతుంది. సిగ్నల్‌కూ సంఘటనకూ మధ్య ఇంకొకటి దూరే చోటు లేదు.

కానీ ఆ లెక్క ఎక్కడ ఆగిందో కూడా చూడాలి. మగ్గం ‘పడుగు’ అంటుంది, అంతే. నూలు నాసిదా, సైజింగ్ సరిగ్గా పట్టలేదా, షెడ్డులో తేమ తగ్గిందా, రీడ్ పన్ను అరిగి పోగును కోస్తోందా అన్నది చెప్పదు. అది చూడ్డానికి తెగిన కొసను చేత్తో పట్టుకోవాలి. నునుపుగా తెగిందా, పీచుపీచుగా తెగిందా అన్నదాన్నిబట్టి ఫిట్టర్ ఒక మాట చెబుతాడు. మగ్గం దగ్గరి సాఫ్ట్‌వేర్ ఆ గీత దాటడానికి ప్రయత్నించలేదు. అందుకే దాని లెక్కను నమ్మారు.

పక్క మిషన్ పాపం

లైన్లో ఒక మిషన్ ఆగితే తప్పు దానిదే కానక్కర్లేదు. మాత్రలు రాక ఆగవచ్చు, ముందున్న కార్టనర్ నిండిపోయి ఆగవచ్చు. ఈ తేడాను ప్యాక్‌ఎంఎల్ ప్రమాణం (ప్యాకింగ్ మిషన్లు తమ స్థితిని ఒకే భాషలో చెప్పడానికి పెట్టుకున్నది) బాగా పట్టుకుంది. దాని 17 స్థితుల్లో ‘హెల్డ్’ అంటే మిషన్ లోపలి కారణంతో ఆగడం, ‘సస్పెండెడ్’ అంటే బయటి కారణంతో, ముందు మిషన్ వల్లో వెనక మిషన్ వల్లో ఆగడం. ఈ ఒక్క విభజన సరిగ్గా పాటించినా సగం గొడవలు తగ్గుతాయి. కాగితం మీద ప్యాక్‌ఎంఎల్ ఉందని చెప్పి, లోపల మాత్రం ఏ స్టాపేజీ అయినా ఒకే స్థితిలోకి నెట్టేసే మిషన్లూ ఉంటాయి. ఫ్యాక్టరీ యాక్సెప్టెన్స్ టెస్టులో ముందు కన్వేయర్‌ను చేత్తో నింపి, మాత్రలు ఆపి, ఫాయిల్ కత్తిరించి, మొదటి రెండింటికీ ‘సస్పెండెడ్’, మూడోదానికి ‘హెల్డ్’ వస్తున్నాయో లేదో చూడాలి. మిషన్ మన షెడ్డులోకి దిగాక అడిగితే బిల్లు వేరేగా వస్తుంది.

స్థితులు సరిగ్గా ఉన్నా కాలం దగ్గర చిక్కుంది. బ్లిస్టర్ మిషన్ నిమిషానికి 300 బ్లిస్టర్లు కొడుతోందనుకుందాం, కార్టనర్‌కు ముందు 600 పట్టే అక్యుములేటర్ (బ్లిస్టర్లు నిలవుండే చోటు) ఖాళీగా ఉందనుకుందాం. 10:00 గంటలకు లీఫ్‌లెట్ ఇరుక్కుని కార్టనర్ ఆగింది. అక్యుములేటర్ నిండి 10:02కి బ్లిస్టర్ మిషన్ ఆగింది. ఎలాగూ ఆగింది కదా అని బ్లిస్టర్ ఆపరేటర్ 10:03కి అయిపోవచ్చిన ఫాయిల్ రోల్ మార్చడం మొదలుపెట్టాడు. 10:04కి కార్టనర్ నడిచింది. అక్యుములేటర్ కాస్త ఖాళీ అయి 10:04:30కి బ్లిస్టర్ మిషన్ మొదలుకావచ్చు. కానీ రోల్ మార్పు 10:07కి గానీ పూర్తికాలేదు.

మొత్తం 5 నిమిషాలు. సాఫ్ట్‌వేర్ ఆగిన క్షణాన్నే చూస్తే మొత్తం కార్టనర్ ఖాతాలో పడుతుంది. ఆపరేటర్ నిజాయితీగా ‘ఫాయిల్ రోల్ మార్పు’ నొక్కితే మొత్తం తన ఖాతాలో పడుతుంది. రెండూ తప్పే. రెండున్నర నిమిషాలు కార్టనర్‌వి, రెండున్నర రోల్‌వి. రోల్ మార్పుకు పట్టిన 4 నిమిషాల్లో ఒకటిన్నర నిమిషం ఖాళీ సమయంలో కలిసిపోయింది కాబట్టి ఆ ఆపరేటర్ నిజానికి లైన్‌కు మేలు చేశాడు. ఏ ఆటోమేటిక్ చార్టులోనూ ఆ మేలు కనిపించదు. ఒకే స్టాపేజీని రెండుగా చీల్చే సౌకర్యం సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి. ‘బయటి కారణం’ సిగ్నల్ ఎప్పుడు పోయిందో ఆ క్షణం దగ్గర సిస్టమే గీత గీసి, మిగిలిన ముక్కకు కారణం అడగాలి. మిషన్ చేయగలిగిన పని, చేయాల్సిన పని ఇదే.

ఇంకొక మాట. లైన్ నష్టాన్ని కట్టేటప్పుడు ప్రతి మిషన్ ఆగిన నిమిషాలనూ కలిపేస్తే ఒకే లీఫ్‌లెట్ జామ్ మూడు చోట్ల లెక్కకొస్తుంది. ఏ మిషన్ నిదానమో, దాని దగ్గర పోయిన కాలమే లైన్‌కు నష్టం. మిగతావి మెయింటెనెన్స్‌కు పనికొస్తాయి గానీ కూడికకు పనికిరావు.

గీత ఎక్కడ గీస్తే లెక్క అక్కడ మారుతుంది

చిన్న స్టాపేజీని జపాన్ ఫ్యాక్టరీల్లో ‘చోకోతే’ అంటారు, ఠక్కున ఆగి ఠక్కున నడిచేది. సెయిచి నకజిమా టీపీఎం (టోటల్ ప్రొడక్టివ్ మెయింటెనెన్స్) పద్ధతిలోని ఆరు పెద్ద నష్టాల్లో దీనికి బ్రేక్‌డౌన్‌తో కలపకుండా విడిగా చోటుంది. బ్రేక్‌డౌన్ అవైలబిలిటీని (నడవాల్సిన కాలంలో నడిచిన వాటా) తింటుంది, చిన్న స్టాపేజీ పెర్ఫార్మెన్స్‌ను (నడిచిన కాలంలో పూర్తి వేగంతో వచ్చిన పని వాటా) తింటుంది. మరి ఎన్ని నిమిషాల దాకా చిన్నది? 5 అని కొందరు, 10 అని కొందరు, సాఫ్ట్‌వేర్‌లో ఏది ముందుగా ఉంటే అది అని చాలామంది.

ఒక ఊహా లెక్క వేద్దాం. షిఫ్టు 480 నిమిషాలు, విరామాలు పోను 450. పెద్ద స్టాపేజీలు కలిపి 66 నిమిషాలు. 40 చిన్న స్టాపేజీలు, ఒక్కోటి సగటున నిమిషంన్నర, మొత్తం 60 నిమిషాలు. తయారైన సరుకు పూర్తి వేగంతో 300 నిమిషాల పనికి సమానం. గీతను 5 నిమిషాల దగ్గర గీస్తే అవైలబిలిటీ 85.3 శాతం, పెర్ఫార్మెన్స్ 78.1 శాతం. గీతను తీసేసి అన్నిటినీ స్టాపేజీలే అంటే అవైలబిలిటీ 72 శాతం, పెర్ఫార్మెన్స్ 92.6 శాతం. రెండింటిలోనూ గుణకారం 66.7 దగ్గరే తేలుతుంది. ఒక్క మాత్ర కూడా ఎక్కువ రాలేదు. కానీ మొదటి లెక్కలో మెయింటెనెన్స్ హెడ్ హాయిగా ఉంటాడు, రెండో లెక్కలో ప్రొడక్షన్ హెడ్. రెండు ప్లాంట్లను పోల్చేటప్పుడు ముందు అడగాల్సింది ఈ గీత ఎక్కడుందని.

నా మట్టుకు, గీతను మిషన్‌నిబట్టి గీయాలి. రెండు వారాల పాటు అన్ని స్టాపేజీల నిడివీ తీసుకుని బార్ చార్టు వేస్తే చాలా మిషన్లకు రెండు గుట్టలు కనిపిస్తాయి. ఆపరేటర్ ఒక్కడే చేత్తో సర్దేసినవి ఒక గుట్ట. ఫిట్టర్‌ను పిలవాల్సి వచ్చినవి, పనిముట్టు కావాల్సి వచ్చినవి ఇంకో గుట్ట. ఆ రెండింటి మధ్య లోయ ఎక్కడుందో గీత అక్కడ. బ్లిస్టర్ మిషన్‌కు అది రెండు నిమిషాల దగ్గర ఉండవచ్చు, కేస్ ప్యాకర్‌కు ఇంకోచోట ఉండవచ్చు. అన్నిటికీ ఒకే అంకె పెట్టడం సాఫ్ట్‌వేర్ సౌకర్యం కోసమే.

బ్లిస్టర్ లైన్లో ఇంకో దొంగ నష్టం ఉంది. మిషన్ ఆగగానే సీలింగ్ ప్లేట్లు పైకి లేస్తాయి, లేకపోతే ఫాయిల్ మాడిపోతుంది. ఆగినంతసేపూ వేడి స్టేషన్ దగ్గరున్న పీవీసీ ముక్క చెడిపోతుంది. తిరిగి నడవగానే మొదటి కొన్ని సైకిళ్ల బ్లిస్టర్లను మిషనే రిజెక్టులోకి తోసేస్తుంది. ఎన్ని అన్నది సెట్టింగ్‌ని బట్టి. అంటే 8 సెకన్ల స్టాపేజీకీ 8 నిమిషాల దానికీ ఈ జరిమానా ఒకటే. ఇది స్టాపేజీ చార్టులో కనపడదు, క్వాలిటీ నష్టంలో దాక్కుంటుంది. చిన్న స్టాపేజీలను నిమిషాల్లోనే కాక సంఖ్యలో కూడా చూపించాలని పట్టుబట్టేది ఇందుకే. నిమిషాల ప్రకారం పేర్చిన పారెటోలో ఎక్కడో అడుగున ఉండే ఎన్‌ఎఫ్‌డీ స్టాపు, సార్ల ప్రకారం పేరిస్తే పైకి రావచ్చు.

మనిషి నొక్కితే మాత్రం నిజమా

ఇక్కడ ఎదుటివాళ్లకు బలమైన వాదన ఉంది. "మనుషుల్ని అడిగితే ఇంకా ఘోరం కదా" అంటారు. నిజమే. అరవై కారణాల జాబితా పెట్టి, ఇంగ్లీషు అక్షర క్రమంలో పేర్చిన తెరలు ఉన్నాయి. ‘అడ్జస్ట్‌మెంట్’ మొదట ఉంటుంది. ఏడాది చివర చూస్తే అదే పెద్ద నష్టం. ఆ ఫ్యాక్టరీలో అడ్జస్ట్‌మెంట్లు ఎక్కువ జరిగాయనుకోవద్దు, ఆ మాట ‘ఏ’తో మొదలైంది, అంతే. షిఫ్టు చివర్లో గుర్తుపెట్టుకుని రాసేవాళ్లు నిమిషాలను అయిదుకో పదికో సరిచేస్తారు. కారణం నొక్కితే గానీ మిషన్ స్టార్ట్ కాకుండా ఇంటర్‌లాక్ పెట్టిన చోట చేతికి ఏది తగిలితే అది నొక్కుతారు. వాళ్ల పని మాత్రలు ప్యాక్ చేయడం, మన చార్టులు నింపడం కాదు.

రెండు నిమిషాల లోపు స్టాపేజీకి మనిషిని కారణం అడగకూడదని నేనూ ఒప్పుకుంటాను. అక్కడ ఫస్ట్ అవుట్ కోడ్ రాసుకుని ఊరుకోవాలి. పైగా షిఫ్టుకు యాభై సార్లు వచ్చే చిన్న స్టాపేజీల్లో ఒక్కోదాని కారణం తెలిసి చేసేదేమీ లేదు. ఏ స్టేషన్ దగ్గర గుంపుగా వస్తున్నాయో తెలిస్తే చాలు. ఎవరో ఒకరు వెళ్లి అక్కడ గంటసేపు నిలబడి చూస్తారు.

పెద్దవాటి దగ్గర అడగాల్సిందే, అయితే అడిగే పద్ధతి మారాలి. ఫాయిల్ స్టేషన్‌లో ఆగితే ఫాయిల్‌కు సంబంధించిన ఆరేడు కారణాలే తెర మీద రావాలి. స్టేషన్‌ను మిషన్ చెబుతుంది, కారణాన్ని మనిషి చెబుతాడు. మిషన్ మళ్లీ నడవడాన్ని ఆ ప్రశ్న అడ్డుకోకూడదు, పక్కన మెరుస్తూ ఉంటే చాలు. మాటలు కూడా వాళ్లవే అయ్యుండాలి. ఇక్కడి ప్యాకింగ్ హాళ్లలో తెలుగువాళ్లతో పాటు ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లూ పనిచేస్తారు. ‘వెబ్ టెన్షన్ డీవియేషన్’ అని రాస్తే ఎవరికీ పట్టదు. ‘ఫాయిల్ తెగింది’, ‘ఫాయిల్ పక్కకు పోతోంది’ అని రాసి చిన్న బొమ్మ పెడితే అందరికీ పడుతుంది.

శాఖల పేర్లతో కారణాలు రాయకపోవడం ఇంకా ముఖ్యం. బ్యాచ్ మారినప్పుడు లైన్ క్లియరెన్స్ కావాలి, అంటే పాత బ్యాచ్ సరుకేదీ మిగల్లేదని ఐపీక్యూఏ (నాణ్యత తనిఖీ మనిషి) వచ్చి చూసి సంతకం పెడితే గానీ కొత్త బ్యాచ్ మొదలుకాదు. ఆ ఎదురుచూపు 25 నిమిషాలు పట్టిందనుకోండి. తెర మీద ‘క్యూఏ ఆలస్యం’ అని ఉంటే ఏ ఆపరేటరూ దాన్ని నొక్కడు. రేపు ఆ క్యూఏ మనిషే కదా వచ్చి తన లైన్‌ను తనిఖీ చేసేది. ఆ 25 నిమిషాలు ‘చేంజ్ ఓవర్’లో కలిసిపోతాయి. ‘లైన్ క్లియరెన్స్ కోసం ఎదురుచూపు’ అని జరిగిన పనిని రాస్తే నొక్కుతాడు. మాటలో ఉన్న వేలు ఎవరి వైపూ చూపించకూడదు.

‘తెలియదు’ అనే బటన్ కూడా ఉండి తీరాలి, ‘ఇతరాలు’ దానికి బదులు కాదు. ‘ఇతరాలు’ అంటే కారణం తెలుసు, జాబితాలో లేదు అని. అది పెరిగితే జాబితా సరిచేయాలి. ‘తెలియదు’ అంటే ఆగింది, నడిపించాను, ఎందుకో అర్థం కాలేదు అని. అది పెరిగితే మిషన్ దగ్గరకు ఇంజనీర్ వెళ్లాలి. రెండూ ఒకే డబ్బాలో వేస్తే ఎవరు కదలాలో తెలియదు. ‘తెలియదు’ సున్నా ఉన్న చార్టు ఎవరైనా చూపిస్తే నేను ముందు ఆ సున్నాని అనుమానిస్తాను.

డేటాబేస్‌లో ఇవన్నీ వేర్వేరు గళ్లలో ఉండాలి. మిషన్ ఇచ్చిన మొదటి అలారం ఒకటి. లోపలి కారణమా బయటిదా అన్నది ఒకటి. ఆపరేటర్ చెప్పింది ఒకటి. తర్వాత మెయింటెనెన్స్ విప్పి చూసి తేల్చింది ఇంకొకటి. ఒకదాని మీద ఒకటి చెరిపి రాయకూడదు. ఫార్మాలో ఈ రికార్డులు బ్యాచ్ డాక్యుమెంట్లలో భాగమైతే అమెరికా ఎఫ్‌డీఏ నిబంధన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 ప్రకారం ఎవరు, ఎప్పుడు, ఏది ఏదిగా మార్చారో ఆడిట్ ట్రెయిల్ ఎలాగూ ఉండాలి. ఆ నిబంధన లేని ఫ్యాక్టరీకీ ఇది పనికొస్తుంది. మిషన్ ‘సర్వో ఫాల్ట్’ అంది, ఆపరేటర్ ‘ఫాయిల్ తెగింది’ అన్నాడు, మెయింటెనెన్స్ ‘గైడ్ రోలర్ బేరింగ్ పట్టేసింది’ అని తేల్చింది. ఈ మూడూ పక్కపక్కన కనిపిస్తే ఒక్క వరసలో కథంతా ఉంది. చివరిది ఒక్కటే మిగిల్చితే, వచ్చేసారి సర్వో ఫాల్ట్ వచ్చినప్పుడు ముందు బేరింగ్ చూడాలన్న జ్ఞానం పోతుంది.

నేర్చుకునే సాఫ్ట్‌వేర్ ఏం నేర్చుకుంటుంది

పాత డేటాతో మోడల్‌కు శిక్షణ ఇచ్చి, అలారాల వరసను చూసి కారణం ఊహించే పద్ధతి ఇప్పుడు వస్తోంది. నాకు దాని మీద కోపమేమీ లేదు. కానీ అది నేర్చుకున్నది ఆపరేటర్లు నొక్కిన కారణాలనే. రెండేళ్ల పాటు జాబితాలో మొదటిదని ‘అడ్జస్ట్‌మెంట్’ నొక్కి ఉంటే, మోడల్ కూడా నిష్ఠగా అదే నొక్కుతుంది, ఎంతో ఖచ్చితత్వంతో. ఆ ఖచ్చితత్వాన్ని కొలిచేది కూడా ఆ పాత నొక్కుళ్లతోనే. అందుకే మోడల్ మాటను ఆపరేటర్ తెర మీద మొదటి సూచనగా చూపించి, ఒప్పుకుంటాడో మారుస్తాడో చూడటం వరకు సరే. నేరుగా రికార్డులో రాసే హక్కు ఇవ్వకూడదు. ఇందులోనూ ఒక అనుమానం ఉంది. మొదట కనిపించే సూచననే కళ్లు మూసుకుని ఒప్పుకునే అలవాటు మళ్లీ రాదా? వస్తుంది. అప్పుడప్పుడు సూచన లేకుండా వట్టి జాబితా చూపించి, రెండు రకాల జవాబులూ ఎంత తేడాగా ఉన్నాయో పోల్చి చూడటం తప్ప నాకు వేరే దారి తోచలేదు.

ఉన్న సిస్టమ్ ఎంత నిజం చెబుతోందో తేల్చుకోవడానికి మాత్రం పెద్ద ఖర్చేమీ లేదు. ఒక మనిషి, ఒక అట్ట, స్టాప్‌వాచీ. మిషన్ పక్కన కూర్చుని ప్రతి స్టాపేజీకీ ఆగిన సమయం, నడిచిన సమయం, కంటికి కనిపించింది రాయాలి. ముందుగా చేతి గడియారాన్ని సర్వర్ గడియారంతో కలుపుకోవాలి, లేదంటే తర్వాత వరసలు జత కుదరవు. షిఫ్టు అయ్యాక సాఫ్ట్‌వేర్ రికార్డు పక్కన పెట్టి వరస వరస చూడాలి. కాగితంలో ఉండి తెరలో లేనివి చదివే వ్యవధిలో జారిపోయినవి. తెరలో ఉండి కాగితంలో లేనివి నెట్‌వర్క్ తప్పులు. కాగితంలో ఒకటిగా ఉండి తెరలో నాలుగైనవి జాగ్ పల్సులు. సమయం కుదిరి కారణం కుదరనివి ఉంటాయే, వాటినే ఒక్కొక్కటిగా పట్టుకుని కూర్చోవాలి. పగటి షిఫ్టు ఒకటి చూసి వదిలేయకుండా రాత్రి రెండు నుంచి నాలుగు దాకా కూడా కూర్చోవాలి. ఫిట్టర్ రావడానికి పట్టే సమయం, స్టోర్ తాళం ఎవరి దగ్గరుందో వెతికే సమయం ఆ వేళలోనే బయటపడతాయి. ఏ పీఎల్‌సీలోనూ వాటికి అలారం నంబరు లేదు.